అర మెట్టు కింద

బొట్టు పెట్టుకుని చర్చిలో ఆర్గన్ వాయించే మనిషి హైదరాబాదులో ఇంకొకడు ఉన్నాడో లేడో నాకు తెలియదు. ఉంటే ఒకసారి కలిసి చాయ్ తాగాలని ఉంది. అబిడ్స్‌లో ఒక పాత రాతి చర్చిలో ఇంగ్లీషు ఆరాధనకు దాదాపు నలభై ఏళ్ళు నేనే ఆర్గనిస్టును, పాటల బృందాన్ని నడిపే క్వయర్ మాస్టరునూ నేనే. అయినా కొత్త పాస్టరుగారు ఎవరొచ్చినా మొదటి ఆదివారం నా నుదురు చూసి ఒక్క క్షణం ఆగేవారు. వెంటనే కమిటీ పెద్దల్లో ఎవరో ఆయన చెవి దగ్గరికి వంగి, "ఈయన మనోడు కాదు గని, ఈయన భార్య మన మనిషే" అని చెప్పేవారు. ఇన్నేళ్ళలో నా అర్హత అంతకు మించి పెరగలేదు.

ఈ జనవరిలో ఆ ఆర్గన్‌కు తాళం పడింది. వేసింది కమిటీ అని అందరూ అనుకుంటున్నారు, నా భార్య కూడా. కాదు, వేసింది నేను. పదమూడేళ్ళు పట్టింది నాకు ఆ తాళం వేయడానికి. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందంటారు. పడనీ, ఇక దాచుకుని చేసేది కూడా ఏమీ లేదు.

మా నాన్న సుల్తాన్ బజార్‌లో బట్టల దుకాణంలో గుమాస్తా. చొక్కా గుడ్డ కోసం ఆ దుకాణానికి ఒక తెల్లాయన వచ్చేవాడు. ఇంగ్లాండు నుంచి బడిపంతులుగా వచ్చి, బడి మానేసినా ఊరు మానని మనిషి. మేమందరం దొర అనేవాళ్ళం. నాంపల్లి స్టేషను వెనక గల్లీలో రెండు గదులు కిరాయికి తీసుకుని ఒంటరిగా ఉండేవాడు. పెళ్ళి లేదు. వాళ్ళ దేశంలో ఎవరున్నారని అడిగితే మాట మార్చేవాడు. ఉర్దూ బజార్లో నేర్చుకున్నాడు, తెలుగు వంటమనిషి దగ్గర నేర్చుకున్నాడు. కాదనాలంటే మాత్రం మూడు భాషలూ పక్కన పెట్టి దక్కనీలో "నక్కో!" అనేవాడు. ఆ చర్చికి ఆర్గనిస్టు, క్వయర్ మాస్టరు అప్పుడు ఆయనే.

నేను అప్పటికే నాంపల్లిలో ఒక సర్కారు ఆఫీసులో దస్తావేజులకు నకళ్ళు రాసే గుమాస్తాని. క్వయర్ పుస్తకాలకు చెదలు పట్టాయని, మళ్ళీ రాసిపెట్టే మనిషి కావాలని దొర గుడ్డ కొలిపిస్తూ అన్నాడట. "మా వాడి చేతిరాత ముత్యాలే" అన్నాడు మా నాన్న. అట్లా నేను చర్చిలో అడుగుపెట్టింది పాట కోసం కాదు, రాత కోసం.

ఆ పుస్తకాల సంగతి కొంచెం చెప్పాలి. క్వయర్‌లో ఎవరికీ గీతల మీద రాసే సంగీతం చదవడం రాదు. మన సరిగమల లాగే వాళ్ళకు దొ, రె, మి అని అక్షరాలుంటాయి. ఆ అక్షరాలు చూసే పాడేవారు. "దొ" ఎక్కడ మొదలవ్వాలో ఆర్గన్ చెబుతుంది, అక్కడినుంచి ఎక్కడం దిగడం వాళ్ళ పని. శృతి ఎంతలో ఉందో ఎవరూ చూడరు, చూసినా వాళ్ళ పుస్తకంలో అది ఉండదు. ఈ ఒక్క ముక్క గుర్తు పెట్టుకోండి. నేను చేసిందంతా ఈ సందులోంచే దూరింది.

రాస్తూ రాస్తూ వినడం మొదలుపెట్టాను. వింటున్నానని దొర కనిపెట్టాడు. ఒక శనివారం కలం లాక్కుని, "ఇటు కూర్చో" అని ఆర్గన్ బల్ల మీద కూర్చోబెట్టాడు. చేతులతోపాటు కాళ్ళతో కూడా వాయించాలని తెలిసి నాకు చెమటలు పట్టాయి. నెల రోజులు చెప్పులు విప్పి ఉత్త పాదాలతో కింది కట్టెలు తొక్కించాడు. మీటల మీద చెయ్యి వెయ్యనివ్వలేదు. వానాకాలం చెక్క ఉబ్బి మీటలు ఇరుక్కుంటే ఎట్లా వదిలించాలో, ఎలుకలు తోలు తిత్తి కొరికితే ఎట్లా అతకాలో కూడా ఆయనే నేర్పాడు. శృతి విషయంలో మాత్రం మహా మొండి. పాట ఏ శృతిలో పుట్టిందో ఆ శృతిలోనే వాయించాలి, గొంతులే దాని దగ్గరికి రావాలి. ఎవరైనా "సార్, జర కిందికి..." అని నసిగితే, వంటమనిషి నేర్పిన సామెత వదిలేవాడు. "ఆడలేక మద్దెల ఓడు!" ఆ తెల్ల నోట్లోంచి ఆ మాట వినడానికే మావాళ్ళు అప్పుడప్పుడు కావాలని నసిగేవారు.

సొప్రానోల వరుసలో, అంటే పై గొంతు పాడే ఆడవాళ్ళ వరుసలో, చివర నిలబడే అమ్మాయి హిమాయత్‌నగర్‌లో ఒక బడిలో టీచరు. ఆమె గొంతు ఎట్లా ఉండేదో చెప్పమంటే నా దగ్గర మాటల్లేవు. ఒక పాత క్రిస్మస్ పాట చివరి చరణంలో అందరూ మామూలు వరసలో పాడుతుంటే, సొప్రానోలు మాత్రం వాళ్ళను వదిలి పైకి పోతారు. ఆ పైకి పోయే చోట మిగతా ఐదుగురూ ఆగిపోయినా ఆమె ఒక్కతే సరిపోయేది. నేను ఆర్గన్ నేర్చుకున్నది ఆ చరణానికి తోడు వాయించడానికే. పెళ్ళి చేసుకుంటామంటే మా అమ్మ ఆర్నెల్లు మాట్లాడలేదు, వాళ్ళ నాయన ఏడాది మాట్లాడలేదు. ఆమె నన్ను మతం మారమనలేదు, నేను ఆమెను మానమనలేదు. దేవుడి కోసం నేను ఆ బల్ల మీద ఎప్పుడూ కూర్చోలేదు, ఆమె పాడుతుందని కూర్చున్నాను. తప్పయితే ఆ దేవుడే చూసుకుంటాడు.

దొర వేళ్ళు కొంకర్లు పోయాక బల్ల నాకు వదిలేసి చివరి బెంచీలో కూర్చోవడం మొదలుపెట్టాడు. చాలా ఏళ్ళు బాగానే గడిచింది. తర్వాత నా భార్య గొంతులో గడ్డ లేచింది.

ఆపరేషన్ అయ్యాక డాక్టరు నన్ను వరండాలోకి పిలిచి, "మాట వచ్చేస్తుంది. పాట సంగతి, అందులోనూ పై గొంతు సంగతి, నేను చెప్పలేను" అన్నాడు. లోపలికి వెళ్ళి ఆమెకు మొదటి సగమే చెప్పాను. "వచ్చేస్తదంట. ఏం ఫికర్ లేదు." ఆమె కళ్ళు మూసుకుని నా చెయ్యి పట్టుకుంది. నా మొదటి అబద్ధం అదే, దవాఖానలో మంచం పక్కన నిలబడి చెప్పింది.

ఐదు నెలల తర్వాత ఒక శనివారం సాయంత్రం ప్రాక్టీసుకు వచ్చింది. ముందున్న కటకటాల చెక్క పట్టుకుని నిలబడింది. ఆ వారమంతా ఆమె బడికి పోయినప్పుడు నేను ఇంట్లో కూర్చుని ఆ పాట శృతిని అర మెట్టు కిందికి మార్చి రాసుకున్నాను. నకళ్ళు రాసే చెయ్యి కదా, ఎక్కడా కొట్టివేత కూడా లేదు. ఆ కాగితం పెట్టి వాయించాను. చివరి చరణం వచ్చింది. ఆమె పైకి వెళ్ళింది. అంచుకు చేరింది, వణికింది, నిలబడింది. వెంటనే తిరిగి నా వైపు చూసింది. ఆ చూపు కోసం నేను ఏ తప్పయినా చేసేవాణ్ణి. చేశాను కూడా.

ఆదివారం ఆరాధన అయిపోగానే దొర కర్ర పొడుచుకుంటూ ఆర్గన్ దగ్గరికి వచ్చాడు. అప్పటికి ఆయనకు ఎనభై దాటి చాలా అయింది. చూపు లేదు, చెవి మాత్రం ఉంది.

"దించావు," అన్నాడు.

"ఆమె కోసం సార్. ఒక్క అర మెట్టే. గొంతు పూర్తిగా వచ్చాక మళ్ళీ ఎత్తుతాను."

"నక్కో," అని తల ఊపాడు. "దించేటప్పుడు ఎవరికీ తెలియదు కాబట్టి ఎవరూ అడగరు. ఎత్తేటప్పుడు అందరికీ తెలుస్తుంది. ముందు ఆమెకు తెలుస్తుంది."

ఆయన ఆమెతో ఏమీ చెప్పలేదు. మరుసటి ఏడే పోయాడు. సమాధి దగ్గరికి తీసుకుపోయే ముందు చర్చిలో ఆయనకు ఇష్టమైన కీర్తన వాయించాను. అది కూడా దించే వాయించాను. ఆమె పాడాలి కదా. మనిషి లేచి వచ్చి అడగడు కదా.

గొంతు పూర్తిగా రాలేదు. రెండేళ్ళకు ఇంకో అర మెట్టు దించాను. తర్వాత ఇంకోటి, ఆ తర్వాత ఇంకోటి. ఒక్క పాటతో ఆగితే దొరికిపోతాను కాబట్టి అన్ని పాటలూ దించాను. నాలుగు అరలు కలిస్తే రెండు మెట్లు. క్వయర్‌లో అందరూ మా ఈడు వాళ్ళే, అందరి గొంతులూ కిందికే జారుతున్నాయి, కాబట్టి అందరికీ హాయిగానే ఉంది. "అరవై దాటినా మా గొంతులు జరంత తగ్గలే చూసిన్రా మాస్టరూ!" అని చాయ్ దగ్గర గొప్పలు పోయేవారు. నేను "ఔ, ఔ" అనేవాణ్ణి. వాళ్ళ సంతోషం చూస్తే నాకే పుణ్యం చేస్తున్నట్టు ఉండేది.

ఆ ఏళ్ళలోనే చిన్నవాళ్ళు రావడం, రెండు మూడు వారాలుండి పోవడం జరిగేది. మేం పెద్దవాళ్ళం కూర్చుని తీర్పులు చెప్పేవాళ్ళం. ఓపిక లేదు, ఫోన్లు, సినిమా పాటలు, అంతా పాడైపోయింది. నేనూ అన్నాను. అందరికంటే గట్టిగా అన్నాను.

పోయిన ఆగస్టులో పాస్టరుగారు నన్ను పిలిచి కూర్చోబెట్టారు. మంచి మనిషే, నా బొట్టు చూసి ఆగని మొదటి మనిషి.

"మాస్టరుగారూ, క్వయర్‌ల ఎనిమిది మందే ఉన్నరు. అందరు పెద్దోళ్ళే. కమిటీవాళ్ళు స్క్రీనూ కీబోర్డూ పెడ్దాం, ఆర్గన్ బంద్ చేద్దాం అంటున్నరు. నేను క్రిస్మస్ దాంక ఆపిన. గప్పటికి కొత్త గొంతులు నిలబడితే ఆర్గన్ ఉంటది. లేకుంటే నా చేతుల లేదు."

ఇంటికొచ్చి నా భార్యకు చెప్పాను. ఆమె కూరగాయలు తరుగుతూ చెయ్యి ఆపింది. "ఆర్గన్ లేకుంటే నేనెట్ల పాడాలె?" అంది. నన్ను కాదు, తనను తానే అడుగుకున్నట్టు అంది. బడి నుంచి రిటైరయ్యాక ఆమెకు వారంలో మిగిలింది ఆ శనివారం, ఆ ఆదివారం. నాకు మిగిలింది ఆమె.

తిరిగాను. అడిగినవాళ్ళందరినీ అడిగాను. చివరికి నాంపల్లిలో ఒక దవాఖానలో నర్సు పని చేసే అమ్మాయి దొరికింది. జనగామ దిక్కు పిల్ల. హాస్టల్ నుంచి ఇంకో ఐదుగురిని వెంటేసుకొచ్చింది. గొంతులా అవి! వరండాలో నవ్వుకుంటూ వస్తుంటేనే నాకు ప్రాణం లేచొచ్చింది. కానీ క్వయర్‌లో నిలబడగానే ఆ గొంతులు ఏమయ్యేవో తెలిసేది కాదు. నాలుగు శనివారాలు వచ్చారు. నాలుగోసారి మిగతావాళ్ళంతా వెళ్ళాక ఆ అమ్మాయి ఆగిపోయింది.

"అంకుల్, ఏమనుకోకున్రి. గీ పాటలు గింత కింద పెట్టిన్రేంది? మాకు గొంతుల నుంచి గాలే వస్తుంది."

"ఎప్పటినుంచో ఇట్లనే పాడుతున్నం బిడ్డా."

"లేదంకుల్. చూడున్రి." ఫోన్ తీసి ఎక్కడిదో ఒక పెద్ద క్వయర్ పాడుతున్న ఆ క్రిస్మస్ పాటే పెట్టింది. రెండు మెట్ల పైన. దొర శృతిలో. నాకు అది వినపడి ఎన్నేళ్ళయిందో. "ఇగో, గిట్లుండాలె. గిట్లుంటే మేము పాడ్తం. ఇంతకుముందు వచ్చి పోయినోళ్ళు గూడ గిదే అన్నరంట. మీకెవరు చెప్పనట్టుంది."

నేను బల్ల మీదే కూర్చుని, వచ్చి పోయినవాళ్ళ ముఖాలు గుర్తు చేసుకోవాలని చూశాను, సగం గుర్తు రాలేదు. ముసలి గొంతులు జారిపోకుండా పట్టుకుంటున్నాననుకున్నాను, చిన్న గొంతులు లోపలికి రాకుండా తలుపు మూశాను. సిగ్గుతో చచ్చిపోయాను.

చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటే ఏమిటో అప్పుడు చేసి చూశాను. తర్వాతి శనివారం ఎవరికీ చెప్పకుండా అసలు శృతిలో వాయించాను. అమ్మాయిలు ఆరుగురూ ఒక్కసారి లేచారు. చర్చి పైకప్పు దాకా నిండిపోయింది. అద్దాలు కూడా విన్నట్టే అనిపించింది. చివరి చరణం వచ్చింది. నా భార్య కటకటాల చెక్క పట్టుకుని పైకి వెళ్ళింది. సగంలో గొంతు చీలిపోయింది. మళ్ళీ ప్రయత్నించింది. ఈసారి ఏమీ రాలేదు. చెయ్యి మెడ మీదికి, ఆ పాత కుట్ల గీత మీదికి పోయింది. వరుసలో అందరూ పుస్తకాల్లోకి చూస్తూ పాడారు.

"జలుబు చేసింది," అంది బయటికొచ్చాక. మిరియాల కషాయం తాగింది. ఆవిరి పట్టింది. మూడు రోజులు గొంతుకు విశ్రాంతి అని మాట్లాడకుండా నాకు కాగితాల మీద రాసి చూపించింది. నాలుగో రోజు దవాఖానకు పోదామంది. డాక్టరు చూసి గొంతులో ఏమీ లేదు, మొన్నటికీ ఈవాళ్టికీ తేడా ఏమీ కనబడలేదు అన్నాడు. ఆటోలో ఆమె ఏడ్చింది. పెళ్ళయిన కొత్తలో వాళ్ళ నాయన తలుపు తెరవనప్పుడు కూడా అట్లా ఏడవలేదు.

"మొన్నటిదాంక మంచిగనే ఉండె గదయ్యా. ఒక్క వారంల ఏమైంది? ఆ గడ్డ మల్ల వచ్చిందా? నిజం చెప్పు, నీకేమన్న చెప్పిన్రా?"

"అట్లాంటిదేం లేదే," అన్నాను. అప్పుడైనా చెప్పాల్సింది. మొన్న కాదు, పదమూడేళ్ళ కింద పోయింది అని చెప్పాల్సింది. అన్నేళ్ళు నువ్వు పాడావనుకున్నది నేను కిందికి దింపిన మెట్ల మీద అని చెప్పాల్సింది. ఆటో మొజంజాహి మార్కెట్ దగ్గర ఆగింది, సిగ్నల్ చాలా సేపు పడలేదు. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. ఇంట్లో కప్పా పామూ రెండూ నేనే.

శనివారం ఆర్గన్ మీద రెండు కాగితాలూ పెట్టుకున్నాను. ఇటు ఆరుగురు అమ్మాయిలు, అటు నా భార్య. ఆమె పెదాలు కదులుతున్నాయి, ప్రార్థన చేసుకుంటోంది. దించిన కాగితం ముందుకు లాగాను.

ఆమె గొంతు పైకి పోయి నిలబడింది. పాట ఆగకముందే కళ్ళలో నీళ్ళు. "చూసినవా, వచ్చింది నా గొంతు! ప్రభువు ఇన్నడు!" అని అందరి ముందూ నా భుజం పట్టుకుని ఊపింది. మావాళ్ళు చప్పట్లు కొట్టారు. నర్సు అమ్మాయి కొట్టలేదు. పుస్తకం తిరిగి ఇస్తూ నెమ్మదిగా, "ఆంటీ కోసమా?" అని అడిగింది. నేను పుస్తకం అందుకున్నాను. "చెప్పున్రి అంకుల్ ఆంటీకి. తెలుస్తది ఎప్పుడన్న," అంది. ఆ తర్వాత వాళ్ళు రాలేదు.

క్రిస్మస్ పాటల ఆరాధన ఎనిమిది మందితోనే జరిగింది. నా భార్య కొత్త చీర కట్టుకుంది. చివరి చరణం నిజంగా బాగా పాడింది, ఉన్న గొంతుతో అంతకంటే బాగా ఎవరూ పాడలేరు. పాస్టరుగారు వచ్చి ఆమె చేతులు పట్టుకున్నారు. కొత్త సంవత్సరంలో కమిటీ మాట ప్రకటించిందీ ఆయనే, తల ఎత్తకుండా. తాళంచెవి నా దగ్గరినుంచే తీసుకున్నారు.

"పిల్లలకు ఓపిక లేదు, మనం ఏం చేస్తం?" అంది నా భార్య. "నా గొంతు ఇంక గిట్లుండంగనే బంద్ చేసిన్రు. గదే నాకు బాధ."

ఫిబ్రవరిలో ఒక ఆదివారం ఇద్దరం వెళ్ళి బెంచీలో పక్కపక్కన కూర్చున్నాం. పెళ్ళయ్యాక చర్చిలో మేం పక్కపక్కన కూర్చోవడం అదే మొదటిసారి. చివరి బెంచీ, దొర కూర్చున్నదే. ముందు స్క్రీను, కీబోర్డు. మైకుల దగ్గర నర్సు అమ్మాయి, ఆమె స్నేహితులు. దొరకు ఇష్టమైన కీర్తన ఎత్తుకున్నారు. ఆయన చావుకు నేను దించి వాయించిన కీర్తన. వాళ్ళు దించలేదు, అది పుట్టిన చోటే ఎత్తుకున్నారు.

నా భార్య పుస్తకం చూడకుండానే అందుకుంది. రెండో పాదంలో పాట పైకి ఎక్కే చోట గొంతు ఆగిపోయింది. సర్దుకుని మళ్ళీ అందుకుంది, మళ్ళీ ఆగింది. ఈసారి చెయ్యి మెడ మీదికి పోలేదు. చిరాగ్గా నా వైపు తిరిగింది.

"ఏందయ్యా గింత పైన పెట్టిన్రు? గిట్ల ఎవలు పాడ్తరు?"

ముందు అమ్మాయిలు పాడుతూనే ఉన్నారు. నర్సు అమ్మాయి మా వైపు ఒకసారి చూసి కళ్ళు తిప్పుకుంది.

"ఔ," అన్నాను. "జర పైన పెట్టిన్రు."

"శృతే తెల్వది వీళ్ళకు." పుస్తకం మూసి ఒళ్ళో పెట్టుకుంది. ఆ ఉదయం మళ్ళీ తెరవలేదు, ఇంటికొచ్చాక కూడా తెరవలేదు, ఇప్పటికీ తెరవలేదు. కాసేపటికి నా చెయ్యి మీద చెయ్యి వేసింది.

"నువ్వయితే సరిగ్గ పెట్టెటోనివి," అంది.

నేను ఔ అన్నాను.